పాలోడి రక్తం

మా అన్నకూ నాకూ మాటల్లేవు. ఆస్తి పంచుకున్నాక అన్నైనా పాలోడే. గెట్టు పంచాయితి. పాలమూరు దగ్గర మా ఊళ్లో ఇద్దరి చేన్ల మధ్య పాతిన రాయి ఏటేటా నా వైపుకు నడిచొచ్చేది. రాళ్లకు కాళ్లుంటాయని నేను, ఉండవని ఆయన. పెద్దమనుషులు ఇద్దరి ఇండ్లలోనూ చాయ్ తాగి, ఇద్దరిదీ న్యాయమేనని తేల్చి పోయారు.

అంతలో నాకు రక్త క్యాన్సర్ వచ్చింది. కీమో ఒక్కటే చాలదు, తోడబుట్టినవాళ్ల మూలకణాలు ఎక్కిస్తే కొత్త రక్తం పుడుతుందని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. నాకున్నది ఒక్క అన్న. ఆయనవే సరిపోయాయి. దేవుడికీ వెటకారం బాగానే తెలుసు. అన్న గొర్లను బామ్మర్దికి అప్పజెప్పి వచ్చాడు, సూదులు గుచ్చనిచ్చాడు, నా మొహం చూడకుండానే తిరుగు బస్సెక్కాడు.

కొన్నాళ్లకు నా అరచేతులు, అరికాళ్లు కందిపోయి ఒకటే దురద. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, పైగా విరేచనాలు. "మీ అన్న కణాలు మీ ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి," అంది డాక్టరమ్మ, నేనెక్కడ హడలిపోతానోనని మెల్లగా. నాకేం హడలు? గెట్టు దాటడం ఆ రక్తానికి కొత్తా? చివరికి నా రక్తం గ్రూపు కూడా ఆయనదే అయింది. రాయిని జరిపినంత సులువుగా దాన్నీ తన వైపు జరుపుకున్నాడు.

సంగతి తెలిసి అన్న ఫోన్ చేశాడు. ఏండ్ల తర్వాత మొదటి మాట. "నేనేం జెయ్యలేదురా. నేనీడ గొర్ల కాడున్న." ఠాణాలో చెప్పుకున్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ కొట్లాట ముదిరితే ప్రాణం మీదికొస్తుంది, కొద్దిగా ఉంటే మంచిదే, మిగిలిన క్యాన్సర్‌ను తరిమేదీ ఆ కణాలేనట. ముదరకుండా స్టెరాయిడ్ మాత్రలిచ్చింది. మొహం బూరెలా ఉబ్బింది. చూడవచ్చిన చుట్టాలంతా "మంచిగ ఒళ్లు జేసినవ్" అని మెచ్చుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒక్కరూ అలా అన్న పాపాన పోలేదు.

నెలలు గడిచాక దద్దుర్లు పోయాయి. ఇంట్లో అందరికీ సంబరం. నాకు మాత్రం కొత్త బెంగ. కొట్లాట ఆగిందంటే కొట్లాడేవాడు పోయాడా? పోతే పాత రోగం మళ్లీ వస్తుందా? డాక్టరమ్మ పరీక్షకు రక్తం తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఆగమంది. ఆగడం నా వల్ల కాలేదు. భయమేసి నేనే ఫోన్ చేశాను.

"అన్నా, దురద బందయింది. నీ కణాలు పోయినయేమో."

అవతల గొర్ల గంటల నడుమ అన్న గొంతు పెంచాడు.

"ఏడికి పోతయ్‌రా? గెట్టు కాడ జానెడు ఇడువనోన్ని, నిన్నిడుస్తనా?"