పక్కింటి మావయ్య కంప్యూటర్‌లో చిక్కుకున్న పుస్తకం

మా పక్కింటి మావయ్య పోయారన్న కబురు నాకు తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది. పోర్టులో మరమ్మతుకొచ్చిన ఓడ అడుగు ట్యాంకులో వెల్డింగు అతుకులు చూస్తున్నాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. పైకొచ్చి హెల్మెట్ తీస్తుంటే, మా సూపర్‌వైజరు నా ఫోను చేతికిచ్చి మీ ఇంటి నుంచి ఒకటే మోగుతోందన్నాడు. పొద్దున్నే నిద్రలోనే పోయారని అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. అక్కడే ఒక ఇనప దిమ్మ మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలీదు.

కూర్మన్నపాలెంలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. చుట్టరికం లేదు, పిలుపే. ఉక్కు ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ బాగుచేసే సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. ఆ తరవాత ఊపిరితిత్తులు మొరాయించాయి. పడగ్గదిలో ఆక్సిజన్ మిషను, దాన్నుంచి ముక్కులోకి సన్నటి గొట్టం. ఆ గొట్టం ముందుగది కిటికీ దాకా వస్తుంది, వీధి గుమ్మం దాకా రాదు. పలుపు అనేవారు దాన్ని. కట్టేసిన గేదె తిరిగినంత మేరే తనూ తిరుగుతానని నవ్వేవారు. నవ్వితే దగ్గొచ్చేది, దగ్గు ఆగేదాకా మేమంతా అటూ ఇటూ చూసేవాళ్ళం.

ఆ కిటికీ పక్కన కూర్చునే మా వీధిలో మూలపడ్డ కంప్యూటర్లన్నింట్లోనూ విండోస్ తీసేసి, లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించారు. బతికాయి, సంతోషమే. కానీ ఆ తరవాత వాటికి ఏ జబ్బు చేసినా జంక్షన్లో షాపువాళ్ళు ముట్టుకునేవారు కారు. లినక్సా, మాకు రాదు, పట్టుకెళ్ళండి అనేవారు. అలా మా వీధి వీధంతా ఆయన చేతికి చిక్కింది. అందులో నా ల్యాప్‌టాప్ ఒకటి.

అప్పుడు నాది కాంట్రాక్టు ఉద్యోగం. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష పాసైతేనే కొనసాగిస్తామని కంపెనీలో తేల్చి చెప్పేశారు. మా ఇంట్లో అప్పటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. పరీక్షకి చదవాల్సిన పుస్తకాన్ని ఆ పరీక్ష పెట్టే సంస్థవాళ్ళు మెయిల్లో పంపారు. తెరిస్తే ఒకే ఒక్క పేజీ, దాని మీద ఒకే ఒక్క వాక్యం: ఈ పత్రం తెరవడానికి ప్లగిన్ కావాలి. అంటే పత్రాలు చదివే మామూలు రీడరు చాలదు, దానికి తాళంచెవి లాంటి చిన్న ప్రోగ్రాము ఒకటి తగిలించాలన్నమాట. ఫోన్ చేస్తే, విండోస్‌లో అయితే ఇబ్బందే ఉండదండీ అన్నారు. మొదటిసారి ఏ కంప్యూటర్లో తెరిస్తే ఆ కంప్యూటర్లోనే తెరుచుకుంటుందని కూడా చెప్పారు. నెట్ సెంటర్లో తెరిస్తే నెట్ సెంటర్‌కే అంకితం. ఆఫీసు కంప్యూటర్లో సొంత పనులు కూడవు.

లినక్స్ తీసేయించుకుంటానని మావయ్యకి చెప్పడానికే వెళ్ళాను. ఆయన మొహం చూశాక ఆ మాట నోట్లోనే ఉండిపోయింది, పుస్తకం తెరుచుకోవట్లేదని మాత్రం చెప్పాను. ఒక్క ఆదివారం ఇమ్మన్నారు.

ఆ ఆదివారం ఎన్ని ఆదివారాలయిందో చెప్పను. లినక్స్‌కి ప్లగిన్ ఉంది గానీ పాతది. అది పాత రీడరుకి తప్ప తగలదు. ఆ రీడరు ఇప్పుడెక్కడా దొరకదు, కానీ మావయ్య ఏదీ పారేసే మనిషి కాదు కాబట్టి ఆయన దగ్గరుంది. దాన్ని ఎక్కిస్తే అది పాతకాలపు ఫైళ్ళు కొన్ని కావాలంది. అవి తెస్తే అవి ఇంకొన్ని కావాలన్నాయి. పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా ఒకళ్ళ వెనక ఒకళ్ళు. నాకు ఒళ్ళు మండి, స్క్రీను మీద ఎర్ర అక్షరాలు కనిపించగానే ఆ విండో మూసేసేదాన్ని. ఆయన ఊరుకునేవారు కాదు.

"ఎర్రర్ అంటే తిట్టు కాదే గుంటా, కబురు. సదవకుండా మూసీత్తే ఎలగ?"

చదవగా చదవగా తేలిందేమిటంటే, ఆయన చేతుల మీదుగానే రీడరు రెండు ఫోల్డర్లలో ఎక్కింది. ప్లగిన్ వెళ్ళి ఒకదాంట్లో కూర్చుంది. మేము రోజూ తెరుస్తున్నది రెండోదాన్ని. ఒకదాన్ని తీసేసి, ప్లగిన్ సరైన ఫోల్డర్లో పెట్టి, పుస్తకం మీద నొక్కారు. తెరుచుకుంది. వందల పేజీలు. అత్తయ్య వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది.

బెల్లం ఇంకా కరక్కముందే నాకు తట్టింది. ఇదంతా జరిగింది నా ల్యాప్‌టాప్‌లో కాదు. ఆయన డెస్క్‌టాప్‌లో.

ఫ్యాక్టరీలో వాళ్ళ సెక్షన్ పద్ధతి ఒకటుండేదట. బాగుచేసినవాడు ముందు తన చేతులతో నడిపి చూసి గాని మిషను అవతలివాడికి అప్పజెప్పకూడదు. ఉద్యోగం వదిలేసినా ఆ పద్ధతి ఆయన్ని వదల్లేదు. పరీక్ష రాసే పిల్ల ల్యాప్‌టాప్ మీద ప్రయోగాలెందుకని, ముందు తన దాంట్లో నడిపి చూశారు. ఆ గొడవలో పడి, మొదటిసారి తెరిచే కంప్యూటర్ షరతు ఇద్దరం మరిచిపోయాం. పుస్తకం ఆ డెస్క్‌టాప్‌కి కట్టుబడిపోయింది. రెండోసారి ఇవ్వడం కుదరదని సంస్థవాళ్ళు ఎంత బతిమాలినా వినలేదు. ప్రింటు తీయనివ్వదు, కాపీ చేయనివ్వదు. ఫోనుతో ఫోటోలు తీస్తానంటే దొంగపని మనకొద్దని ఆయనే అడ్డుపడ్డారు. పోనీ డెస్క్‌టాప్ ఎత్తుకెళ్దామా అంటే, అది ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి కూర్చిన పెట్టె. కదిపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు.

"ఏటి సేసినారు మావయ్యా," అన్నాను. అంతకంటే పెద్దగా అరవాలనుంది.

ఆయన మెల్లిగా అన్నారు, "నాను కదల్లేను, అదీ కదల్లేదు. నువ్వే రావాల."

అలా ఆ ముందుగదిలో పడ్డాను. ఆఫీసు నుంచి తిన్నగా వాళ్ళింటికే. పడగ్గదిలోంచి ఆక్సిజన్ మిషను గురగుర ఆగకుండా వినిపిస్తూ ఉండేది. ఫ్యాక్టరీ దుమ్ము లోపలికొస్తే ఆయనకి పడదు కాబట్టి కిటికీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉండేవి. గదిలో మందుల వాసన, అమృతాంజనం వాసన. కొన్ని రోజులు నాకే ఊపిరాడనట్టు ఉండేది. లేచి పారిపోవాలనిపించేది. పుస్తకం లోపలుంది, నేనెక్కడికి పోతాను?

ఆయన సంగతి నాకు మెల్లమెల్లగా అర్థమయింది. ఆ డెస్క్‌టాపే ఆయనకి వీధి, జంక్షను, సముద్రం. సాయంత్రాలు దాన్ని నాకు వదిలేసి, గొట్టం సర్దుకుంటూ పక్కనున్న మంచం మీద కూర్చునేవారు. నన్ను పైకి చదవమనేవారు. అతుకులో గాలిబుడగలు ఎందుకొస్తాయో చదువుతుంటే, ఊఁ అంటూ వినేవారు. నేను పేజీ దాటేస్తే పట్టుకునేవారు. ఒకరోజు విసుగొచ్చి, నా వల్ల కాదు మావయ్యా, ఈ గదిలో ఇంక కూర్చోలేను అనేశాను. ఆయనకి కోపం రాలేదు.

"నీకు పరీచ్చ అయిపోతే తలుపు తెరుసుకుంటాదే అమ్మీ. ఆ మాత్రం కూకో," అన్నారు.

తనకి తెరుచుకోదని అనలేదు. ఆ రోజు నేను మామూలుకంటే ఎక్కువసేపు చదివాను. ఆయన చేసిన పొరపాటుకి చాలామంది నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పుస్తకం నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుని ఉంటే నేను సగం కూడా చదివేదాన్ని కాదు. నా సంగతి నాకు తెలుసు. పాసయ్యాను. ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ ముందుగది చలవే.

శకునాలంటే ఆయనకి మహా ఎగతాళి. మంచి పని మీద వెళ్ళేవాళ్ళకి అత్తయ్య ఎదురు రావడానికి తయారవుతుంటే, నువ్వెదురొస్తే బస్సు ముందొస్తాదా అని ఏడిపించేవారు. పరీక్ష రోజు పొద్దున్న నాకు ఎదురొస్తానని అత్తయ్య మాటిచ్చింది. నేను గేటు తీసుకుని వీధిలో అడుగుపెట్టాను. అత్తయ్య వాళ్ళ గుమ్మంలోనే ఉంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

ఎదురుగా వస్తున్నది మావయ్య. ముక్కుకి గొట్టం లేదు. అది నొక్కుకున్న గీతలు చెంపల మీద అలాగే ఉన్నాయి. ఉతికిన చొక్కా తొడుక్కున్నారు, కాళ్ళకి చెప్పుల్లేవు. కరెంటు స్తంభం దాకా గోడ పట్టుకుని ఎప్పుడు వెళ్ళారో, ఇప్పుడు గోడ వదిలేసి నడివీధిలో నా వైపు వస్తున్నారు, నోరు తెరిచి గాలి అందుకుంటూ. పట్టుకోబోతే చెయ్యి ఊపి వద్దన్నారు. నన్ను దాటుతూ ఒక్క మాట అన్నారు.

"ఎల్లు."

ఎదురొచ్చినవాళ్ళని దాటాక వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నాకూ అలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా చూడలేదు. వీధి మలుపు దాకా నా చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. చెప్పుల్లేని అడుగుల చప్పుడు, కాస్త నడిచి, ఆగి, మళ్ళీ నడిచి, ఇంటివైపు వెళ్తోంది.