రెండో ఫ్యాన్ చప్పుడు

2006లో సూర్యాపేట పాత బస్టాండు దగ్గర నాకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. చివ్వెంల నుంచి యాదగిరి సారు కబురు పంపారు. ఆయన హైస్కూల్లో సోషల్ టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదువుతున్నారు. కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉందంటే వెళ్లి ఇంకో ర్యామ్ వేశాను. పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీయే ర్యామ్. అది పెరిగితే వేగం పెరుగుతుంది. పెరిగింది కూడా. సారు ఎంత సంతోషపడ్డారో!

వారం తిరగకముందే ఫోన్ వచ్చింది. "మహేశ్, వినుకుంట వినుకుంట ఉండంగనే బందైతున్నది. ఎప్పుడైతదో తెల్వదు."

షాపుకు తెప్పించి, క్యాబినెట్ మూత తీసి రోజంతా నడిపించాను. ఒక్కసారీ ఆగలేదు. ఊళ్లో వోల్టేజీ బాగుండదని చెప్పి, మూత బిగించి పంపేశాను. మళ్లీ ఆగింది. యూపీఎస్ పెట్టించాను. అయినా ఆగుతూనే ఉంది.

మళ్లీ వాళ్లింటికి వెళ్లేసరికి నాకు విసుగొచ్చేసింది. సారు అన్నారు: "నువ్వు ర్యామ్ ఏసినప్పటిసంది దీని సప్పుడు మారింది. ఇంతకుముందు రెండు ఫ్యాన్లు ఇనపడేవి. ఇప్పుడు ఒక్కోసారి ఒకటే ఇనపడుతున్నది."

"కొత్త ర్యామ్ గదా సార్, సప్పుడు తక్కువుంటది" అన్నాను. ర్యామ్‌కూ చప్పుడుకూ ఏ సంబంధమూ లేదని తెలిసే అన్నాను.

తర్వాత ఆయన అన్న లింగయ్య వైపు తిరిగాను. ఆయన గొర్రెలు మేపుతాడు, ఇద్దరిదీ ఒకే ఇల్లు. "మెషీన్‌ల ఏం లేదే అన్నా. సారుకు కనపడది గదా, ఆఫ్ అయ్యే కీ ఏదో నొక్కుతుండొచ్చు."

"నేను ముందే అన్న, యాదగిరీ, గిది నీతోని గాదురా అని" అన్నాడు లింగయ్య.

సారు మా మధ్యనే కూర్చుని ఉన్నారు. అక్కడ లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయన కీబోర్డు మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

కొన్నాళ్లకు లింగయ్య ఆ కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చాడు. "వాడు ముట్టుకుంటలేడు. ఎవలకన్న అమ్మిపెట్టు."

కొనేవాళ్లకు చూపించాలని ఈసారి మూత తీయకుండానే ఆన్ చేసి బల్ల మీద ఉంచాను. కీబోర్డు ఎవరూ ముట్టుకోలేదు. నా కళ్ల ముందే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి, దాని దగ్గర చెవి పెట్టి విన్నాను. ఒకటే ఫ్యాన్ తిరుగుతోంది.

ర్యామ్ వేసేటప్పుడు హార్డ్‌డిస్క్ కేబుల్‌ను నేనే పక్కకు నెట్టాను. మూత బిగిస్తే ఆ కేబుల్ వెళ్లి ప్రాసెసర్ ఫ్యాన్‌కు అడ్డం పడుతోంది. ఫ్యాన్ ఆగితే ప్రాసెసర్ వేడెక్కుతుంది, కాలిపోకుండా మెషీన్ తనంతట తానే ఆగిపోతుంది. మూత తీస్తే కేబుల్ వెనక్కి జరిగేది. అందుకే మొదటిసారి షాపులో ఆగలేదు.

కేబుల్‌ను దూరంగా కట్టేసి ఆ సాయంత్రమే చివ్వెంల తీసుకెళ్లాను. ఆన్ చేయగానే సారు, "రెండూ తిరుగుతున్నయ్" అన్నారు. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

సారు అన్నారు: "నా వేళ్లే తప్పు చేస్తున్నయేమో అని నేను గూడ నమ్మిన మహేశ్. మొన్ననే పరీక్ష అయిపోయింది. నేను పోలే."

ఆయన నన్ను చూడలేరు. అయినా తల ఎత్తలేకపోయాను.

"గిదే మాట మా అన్నకు జెప్పు. నా ముందలనే జెప్పు."

గొర్రెలను దొడ్లోకి తోలుతున్న లింగయ్యను పిలిచి, సారు ఎదుటే అదే మాట చెప్పాను. లింగయ్య తమ్ముడి వైపు చూసి ఏదో అనబోయి, "గొర్లు బయటనే ఉన్నయ్" అంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ ఆ పరీక్ష పడటానికి ఏళ్లు పట్టింది. సారు రాశారు, లెక్చరర్ అయ్యారు. కానీ నా వల్ల పోయిన ఆ ఏళ్లు తిరిగి రాలేదు.

మూత బిగించే ముందు కేబుళ్లు చూసుకోవాలని ఏ మెకానికైనా ఒకసారి దెబ్బతిని నేర్చుకుంటాడు. నేను నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. మెషీన్ దగ్గరికి వెళ్లే ముందు, దాన్ని రోజూ వాడే మనిషితోనే మాట్లాడతాను. వాళ్లు చెప్పింది నాకు అర్థం కాకపోతే, మళ్లీ అడుగుతాను.