కాట్లిన్స్ అడవిలో ఒక్క గుండు

శుక్రవారం మధ్యాహ్నం హాస్పిటల్‌లో డ్యూటీ దిగి, డునెడిన్ నుంచి నేరుగా కాట్లిన్స్ అడవికి వేటకి బయల్దేరాం. కారు డ్రైవ్ చేసింది జోసెఫ్ అంకుల్. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు ఆదివారం చర్చి, మిగతా రోజులు వేట. నాకు గన్ లైసెన్స్ ఈ ఏడాదే వచ్చింది. "ఏప్రిల్‌లో మగ దుప్పులు జత కోసం అరుస్తాయి కవితమ్మా. ఆ రోర్ వినకపోతే ఈ దేశంలో ఉండి దండగ" అని ఊరించింది ఆయనే.

బాల్‌క్లూతాలో ఆగి మాంసం కూరిన వేడి వేడి పైలు తిన్నాం. చీకటి పడేసరికి ఒవాకాలో క్యాబిన్ చేరాం. ఆంటీ కట్టిచ్చిన పులిహోర అవగానే అంకుల్ నేను కాల్చబోయే తుపాకీ తీసి చూపించారు. పాతకాలం పద్ధతిది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించాలి.

"రెండోది నింపేలోపు దుప్పి ఊరు దాటిపోద్ది. బాగా దగ్గరికి రానివ్వాలి" అన్నారు.

తెల్లారకముందే, మిగతా వేటగాళ్లు మమ్మల్ని జంతువులనుకోకుండా ఆరెంజ్ వెస్టులు వేసుకుని అడవిలోకి నడిచాం. మంచు, బురద, మనిషెత్తు ఫెర్న్ మొక్కలు. వెలుగొచ్చాక అంకుల్ ఒక ప్లాస్టిక్ పైపు నోటికి పెట్టుకుని దుప్పిలా అరిచారు. జలుబు చేసిన ఎద్దులా ఉందా అరుపు. నవ్వు ఆపుకోలేకపోయాను. అంతలో వాగు అవతల నుంచి జవాబొచ్చింది! ఆయన మళ్లీ అరిచారు. జవాబు ఇంకా దగ్గరికొచ్చింది. పుల్లలు విరిగాయి. ఫెర్న్‌ల వెనక గోధుమరంగు వీపు కదిలింది. తుపాకీ భుజానికెత్తాను.

"తల కనిపించిందా?" అంకుల్ గుసగుసగా అడిగారు.

"లేదు. వీపు బాగా కనిపిస్తోంది."

"అయితే దించెయ్."

మనసొప్పకపోయినా దించాను. వీపు దగ్గింది. ఫెర్న్‌లు పక్కకి తోసుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. గోధుమరంగు జాకెట్, భుజాన రైఫిల్, చేతిలో మాలాంటిదే పైపు!

మమ్మల్ని చూసి అతని మొహం పాలిపోయింది. "మీరే దుప్పి అనుకున్నా. కొమ్మలకి తగులుకుంటోందని వెస్ట్ తీసి బ్యాగులో పెట్టా" అన్నాడు. పేరు స్టూ, దగ్గర్లోనే గొర్రెల ఫామ్‌లో పని. ఫ్లాస్కులో టీ ముగ్గురం పంచుకున్నాం. నేనే ఎక్కువ జోకులేశాను. స్టూ వెస్ట్ వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అసలు దుప్పి దొరికింది. బురదగుంట పక్కన కొమ్ములెత్తి అరుస్తోంది. ఈసారి తల, మెడ, కొమ్ములు అన్నీ చూసి కాల్చాను. తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించలేదు. పొగ విడిపోయేసరికి అది అక్కడే ఒరిగిపోయి ఉంది. అంకుల్ టోపీ తీసి చిన్న ప్రార్థన చేశారు. చప్పుడు విని తిరిగొచ్చిన స్టూ మాంసం మోయడంలో సాయం చేశాడు, ఒక తొడ పట్టుకెళ్లాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు చెప్తున్నాను: తప్పకుండా వెళ్లండి. చలికీ, బురదకీ, ఆ అరుపులకీ వారం అలసట వదిలిపోతుంది. కానీ తల కనిపించేదాకా కాల్చకండి.

తిరుగుదారిలో మిల్టన్ దగ్గర కాఫీకి ఆగాం. కప్పు అందుకోబోతే నా చేతులు వణికాయి. కాఫీ ఒలికింది.

అంకుల్ కప్పు తీసి కారు మీద పెట్టారు. "వణుకు నీకిప్పుడొచ్చిందా? నాకు పొద్దున స్టూని చూడగానే వచ్చిందమ్మా. నువ్వు భయపడతావని చేతులు జేబుల్లో పెట్టుకున్నా."