ఐస్‌క్రీమ్ పుల్లలతో కట్టిన కాలు

కాంపౌండర్ చాచా శుక్రవారం పొద్దున చనిపోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. మారేడ్‌పల్లిలోని ఒక పశువుల ఆసుపత్రిలో ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా కుక్కలకు, పిల్లులకు కట్లు కట్టారు. ఆయనను తలుచుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో ఉంటారు. నా సంగతి నేను చెబుతాను.

నాలుగేళ్ళ కిందట మా ఇంటికి టాయ్ టెర్రియర్ కుక్కపిల్ల వచ్చింది. రెండు కిలోలు కూడా లేదు. నల్లటి ఒళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు, నా చిటికెన వేలికన్నా సన్నటి కాళ్ళు. దానికి గౌను తొడిగి చంకలో పెట్టుకుని తిరిగేదాన్ని. ఒకరోజు నిలబడి ఫోన్ మాట్లాడుతుంటే చేతిలోంచి జారిపడింది. ముందు కాలు విరిగింది. చాచా పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఇంత సన్నటి ఎముకకు ప్లేటు వేయడం కష్టమని, కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. నేను బల్ల పక్కన ఏడుస్తూ నిలబడ్డాను. అప్పుడు చాచా, "సార్, ఒక్కపారి నేను కట్టు కట్టి చూస్తా" అని అడిగారు. డాక్టరుగారు ఎక్స్‌రే మళ్ళీ చూసి తలూపారు.

చాచా కట్టులో పెట్టడానికి ఐస్‌క్రీమ్ పుల్లలను బ్లేడుతో చెక్కి, గుచ్చుకుంటాయేమోనని వాటి అంచులు తన చెంపకు రాసి చూసుకున్నారు. నావైపు తిరిగి, "ఏడ్చుడు ఆపుండ్రమ్మా. మీరు పరేషాన్ అయితే అది సుత పరేషాన్ అయితది. జెర దాని తల పట్టుకోండ్రి" అన్నారు. నేను కళ్ళు తుడుచుకుని దాని తల పట్టుకున్నాను.

ఆరు వారాలపాటు, రోజు విడిచి రోజు, డ్యూటీ అయ్యాక సీతాఫల్‌మండిలోని మా ఇంటికి వచ్చేవారు. నేల మీద కూర్చుని, ముందు దాని కాలివేళ్ళు వెచ్చగా ఉన్నాయో లేదో ముట్టుకుని చూసేవారు. నేనిచ్చిన చాయ్ ప్రతిసారీ పక్కనే చల్లారిపోయేది. ఒకరోజు గౌను చూసి నవ్వారు. "పేరుల టాయ్ ఉన్నది గని, ఇది బొమ్మ గాదమ్మా. ఎలకలు పట్టే జాతిది. కింద ఇడిసిపెట్టుండ్రి, దాని పని అది చేసుకుంటది." ఆ రోజే గౌను తీసేశాను.

కట్టు విప్పిన రోజు అది ఆ కాలు నేలకు ఆనించలేదు. చాచా గది అవతలి మూలకు వెళ్ళి కూర్చుని, పిలవకుండా, చేయి మాత్రం చాపారు. చాలాసేపటికి అది నాలుగు కాళ్ళ మీదా నడిచి ఆయన దగ్గరికి వెళ్ళింది.

పోయిన నెల దాన్ని తీసుకుని మౌలాలిలో చాచా ఇంటికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు. మేం బయల్దేరుతుంటే, వద్దన్నా గోడ పట్టుకుంటూ సందు చివరిదాకా వచ్చారు. ఒక పెద్ద వీధికుక్క మొరుగుతూ మా మీదికి వచ్చింది. నేను వంగేలోపే, "ఎత్తుకోకుండ్రి. గా కుక్క మా గల్లీదే, ఏమనది" అన్నారు. మాది ఒక అడుగు ముందుకేసి, ఒళ్ళంతా అదిరేలా అరిచింది. పెద్దది ఆగి, దాన్ని వింతగా చూసి, మెల్లగా పక్కకు తప్పుకుంది.

నేను ఆటో ఎక్కి వెనక్కి చూశాను. చాచా ఎండలో నిలబడి, దగ్గు వస్తున్నా, కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.