కింగ్లీ ఆడపడుచు, మర్రాలా కోడలు

పెళ్లి చేసుకుంటానని మెర్ల్ చెప్పినప్పుడు వాళ్ల నాన్న ఆల్ఫ్ పాస్కో, కుర్రాడి ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు.

"ఏ జట్టు?" అన్నాడు.

"మర్రాలా," అంది మెర్ల్ గొంతు తగ్గించి.

ఆల్ఫ్ టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. "తాగుబోతయితే ఎలాగో మాన్పించుకుందువు. మర్రాలా వాణ్ణి ఏం చేసి మాన్పిస్తావే తల్లీ?"

మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఒక వాగుకు ఇవతల కింగ్లీ, అవతల మర్రాలా. కింగ్లీ ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టింది ఇటుకల బట్టీ వాళ్లు. ముళ్లపొదలు నరికి, రాళ్లు ఏరి మైదానం చదును చేసినవాళ్లలో ఆల్ఫ్ తండ్రి ఒకడు. ఎరుపూ నలుపూ చొక్కాలు. రైల్వే వాళ్లు పెట్టిన మర్రాలా క్లబ్బుది నీలం, తెలుపు. వాగు మీది చెక్క వంతెన మీద రెండు గట్ల వాళ్లూ రోజూ నడిచేవారు గానీ, ఆ రెండు జట్లూ తలపడే వారం మాత్రం పలకరింపులు బంద్.

పెళ్లికొడుకు క్లారీ వెన్ ట్రాము డిపోలో ఫిట్టరు, నిదానస్తుడు. పెళ్లయి వాగు దాటినా మెర్ల్ మెడలోంచి ఎరుపు నలుపుల మఫ్లరు దిగలేదు. పోటీ రోజున మొగుడూ పెళ్లాలు కలిసి బయలుదేరి, గేటు దగ్గర విడిపోయి, చెరో గోలు స్తంభాల వెనకా నిలబడేవారు. ఎవరి జట్టు ఓడితే ఆ రాత్రి వంట వాళ్లది. ఆ నియమం పెట్టింది మెర్లే. కింగ్లీ మంచి ఊపు మీదున్న రోజులు కావటంతో, క్లారీకి గొర్రెమాంసం వేపుడు బాగా చేతికొచ్చింది.

మెర్ల్ నోటికి ఎక్కువగా బలైనవాడు డడ్లీ హాక్లీ. మర్రాలా గోలుకు అడ్డంగా నిలబడే ఆటగాడు. పొడుగెంతో వెడల్పూ అంతే.

"ఓయ్ బీరువా! కాస్త పక్కకి జరగవయ్యా, మా వైపు ఎండ రావట్లేదు!" అని ఆవిడ అరిస్తే మైదానం మైదానమంతా గొల్లుమనేది.

ఆల్ఫ్ పోయాక కొన్నేళ్లకు బట్టీ మూతపడింది. కుర్రకారు పెళ్లిళ్లు చేసుకుని, ఇళ్లు చవగ్గా దొరికే కొత్త పేటలకు వెళ్లిపోయారు. ఒక శనివారం ఆటగాళ్లు చాలక, రొట్టెల కొట్టాయనకు కింగ్లీ చొక్కా తొడిగి లోపలికి తోశారు. పాపం ఆయన సగం ఆటకే గడ్డి మీద కూలబడి, "నన్ను ఇక్కడే వదిలెయ్యండ్రా, సోమవారం లేస్తాను," అన్నాడు. మర్రాలా పరిస్థితీ అంతే. కలిసిపోతారా, మూసేస్తారా అని పోటీలు నడిపే లీగు వాళ్లు తేల్చి అడిగారు.

కింగ్లీ క్లబ్బు గదిలో రెండు జట్ల వాళ్లూ సమావేశమయ్యారు. మర్రాలా అధ్యక్షుడు ఇప్పుడు హాక్లీయే. రెండూళ్ల పేర్లూ కలిపి పెట్టుకోవటానికి ఎవరూ పేచీ పెట్టలేదు. ఎవరి మైదానంలో ఆడాలన్న దగ్గర మొదలైన వాదన, చొక్కాకి ఎవరి రంగులన్న దగ్గరకొచ్చేసరికి ముదిరింది.

"నాలుగు రంగులూ కలిపేద్దాం," అన్నారెవరో.

"మీ ఎరుపు మీద మా నీలం పడితే గుద్దు తగిలి కమిలిన కన్నులా ఉంటుంది," అన్నాడు హాక్లీ.

"నీ మొహానికి నప్పుతుందిలే!" అని వెనకనుంచి అందుకున్నారు. కుర్చీలు జరిగాయి, గొంతులు లేచాయి.

సభల్లో నోరు విప్పని క్లారీ అప్పుడు లేచాడు. "మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా రెండు జట్లూ కాపురం చేస్తున్నాయి. మెర్ల్‌ని అడగండి," అని కూర్చున్నాడు.

టీ పోస్తున్న మెర్ల్ ఉలిక్కిపడింది. "నన్నడుగుతారేంటి! మేమేం చేస్తాం, ఆటలో తేలిందాన్ని బట్టి సర్దుకుంటాం." టీ కెటిల్ బల్ల మీద పెట్టి మళ్లీ అంది. "ఈ ఏడు ఆఖరి ఆట మన రెండు జట్లకేగా. గెలిచినవాళ్ల రంగులు, ఓడినవాళ్ల మైదానం. ఎవరూ ఒట్టి చేతుల్తో పోరు."

హాక్లీ తల గోక్కున్నాడు. "కానియ్యండి మరి."

ఆట రోజు వాన. మూడు వంతుల ఆట కింగ్లీదే పైచెయ్యి. ఆఖరి భాగంలో బురదకి ఎవరి చొక్కా ఏదో తెలియకుండా పోయింది. ఆట ముగిసిందని సైరను మోగేసరికి ఒక్క గోలు తేడాతో మర్రాలా గెలిచింది. తాత తొడిగిన, తరవాత తన తమ్ముడూ తొడిగిన ఎరుపు నలుపుల చొక్కా ఇక ఎవరూ తొడగరని మెర్ల్‌కి అప్పుడు బోధపడింది. నోరు జారి తనే ఇచ్చేసుకుందా?

క్లారీ మైదానం చుట్టూ తిరిగి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. "ఇవాళ వంట నేను చేస్తాలే," అన్నాడు.

"అక్కర్లేదు. ఓడింది నేను."

బంగాళాదుంపలు చెక్కుతూ కాసేపు ఏడ్చింది. క్లారీ పక్కన నిలబడి బఠానీలు ఒలిచాడు.

మళ్లీ ఏప్రిల్లో పోటీలు మొదలవగానే, తాత చదును చేసిన నేల మీదే కొత్త జట్టు దిగింది. నీలం ఊలు కొనటానికి కొట్లో చాలాసేపు తచ్చాడినా, మఫ్లరు మాత్రం మెర్ల్ ఆటకు ముందే అల్లేసింది. మొదటిసారి క్లారీ పక్కన నిలబడింది. నోరు మాత్రం పెగల్లేదు.

హాక్లీ వెతుక్కుంటూ వచ్చాడు. "ఏం మెర్ల్, ఒంట్లో బాలేదా? నీ కేక వినపడక మా కుర్రాళ్లకి కాళ్లాడటం లేదు."

"ఎవర్ని తిట్టమంటావయ్యా? అంతా మనవాళ్లేగా."

"అంపైరున్నాడు కదమ్మా!"

నిజమే. కాసేపటికే ఆయన ఎదుటివాళ్లకు అన్యాయంగా ఫ్రీ కిక్కు ఇచ్చాడు. మెర్ల్ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఏమయ్యోయ్ తెల్లచొక్కా! కళ్లు మీ ఆవిడ దగ్గర తాకట్టు పెట్టొచ్చావా?"

మైదానం గట్టు పొడుగునా నవ్వులు, చుట్టూ ఆపుకున్న కార్ల హారన్లు. ఆ రోజు జట్టు గెలిచింది. చీకటిపడే వేళ వంతెన మీదుగా మెర్ల్, క్లారీ ఇంటికి నడిచారు. రెండో గోలు గొప్పదని ఆయన, కాదు నాలుగోదని ఆవిడ వాదించుకుంటూ, ఇల్లు చేరాక కూడా కోట్లు విప్పటం మరచిపోయి వంటింట్లో చాలాసేపు కూర్చున్నారు.