అన్న నేర్పిన ఫైరాబెండ్

అన్న పోయాడు. లైప్‌జిగ్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినామె ఆ మాట జర్మన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది. నాకు రెండుసార్లూ అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

వరసకు నాకేమీ కాడు. కరీంనగర్ నుంచి నాకంటే ముందు మాస్టర్స్‌కి వచ్చి, తన గదిలో నాకింత చోటిచ్చిన సీనియర్. ఈ దేశంలో నాకు తొలి ముద్ద పెట్టింది తనే. తను గిన్నెలు కడిగే రెస్టారెంట్‌లో నాకూ పని ఇప్పించాడు. మొదటిరోజు చీకటి పడే వేళ, వంటగది పెద్దాయన నావైపు చూసి "ఫైరాబెండ్!" అని అరిచాడు. పనిలోంచి తీసేశాడనుకుని నేను ఏప్రన్ విప్పబోయాను. అన్న సబ్బు చేతులతోనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫైర్ కాదుర బై! ఇయ్యాల్టికి పనైపోయింది, ఇంటికి పోదాం అంటుండు."

అప్పట్నుంచి అది మా ఇద్దరి మాట అయిపోయింది. అన్నం తిని కంచం జరిపినా ఫైరాబెండ్, పరీక్ష రాసొచ్చినా ఫైరాబెండ్.

కరోనా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయనే పొయ్యిలన్నీ ఆర్పి, మెల్లగా అదే మాట అన్నాడు. ఈసారి నేను మొదట పొరబడ్డదే నిజమైంది. అన్న నవ్వలేదు.

మీటె, అదే గది అద్దె, కట్టకపోతే గది పోతుంది. గది పోతే ఎక్కడికి పోవాలి? అన్న పార్సిళ్ల గోడౌన్‌లో రోజుకూలీగా కుదిరాడు. రేపు పనుంటే మెసేజ్ వస్తుంది, లేకపోతే లేదు. స్నానానికి వెళ్లినా ఫోన్‌ని బ్రెడ్ కవర్లో చుట్టి పక్కన పెట్టుకునేవాడు. "పనుంటే సాలుర, ఏ పనైతేంది," అనేవాడు.

చలికాలంలో జ్వరం తగిలింది. అంబులెన్స్ వాళ్లు ఎత్తుకుపోతుంటే ఊపిరాడకపోయినా ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మెసేజ్ వస్తే వస్తా అని కొట్టు. జరమని చెప్పకు, మల్ల పిలువరు. నా బదులు నువ్వు పోరా."

తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం, ఏడుపు కలిసి వస్తాయి. ప్రాణం సంగతి అడగలేదు ఆ మనిషి. పని సంగతే అడిగాడు.

విమానాలు లేవు. పెట్టె మూసేశారు. వాళ్లమ్మకు కడసారి చూపు ఫోన్లో కూడా దక్కలేదు.

దహనమైన సాయంత్రం అన్న ఫోన్ మోగింది. గోడౌన్ సూపర్‌వైజర్ మెసేజ్: "రేపు రాగలవా?"

'వస్తా' అని కొట్టి చెరిపేశాను. చివరికి ఒక్క మాట కొట్టాను. ఫైరాబెండ్.

వెంటనే బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. దాని కింద, "అయితే ఎల్లుండి?"