యాభై మంచాల రూలు

మా బావ సౌదీల ఎలక్ట్రీషియన్. ఉప్పల్‌ల ఉన్నప్పుడు మా ఇంట్ల ఫ్యాను బాగు చేయమంటే మూడు నెలలు తిప్పిచ్చుకున్నోడు, అక్కడికి పోయినంక ఎడారి మొత్తానికి తనే కరెంటు ఇస్తున్నట్టు మాట్లాడేటోడు. మాటలన్నీ క్యాసెట్‌ల వచ్చేవి. ఒక పక్క ఆయన మాట్లాడి పంపితే, రెండో పక్క అక్క మాట్లాడి తిరిగి పంపేది. పెండ్లయిన కొత్తలనే పోయిండు గనుక, వాళ్ల కాపురమంతా టేప్‌రికార్డర్‌లనే నడిచింది.

బావ లాంటి పనోళ్లకు పెండ్లాన్ని పిలిపిచ్చుకునే వీసా ఇయ్యరు. డాక్టరో ఇంజనీరో అయితే పిలిపిచ్చుకోవచ్చంట. కరెంటు పనోడు మాత్రం ఒంటరిగనే ఉండాలె. ఇగ మిగిలిన తొవ్వ ఒక్కటే, అక్కనే సొంత వీసా మీద పోవాలె. అక్క నర్సు. నర్సులు రావాలె రావాలె అని ఆ దేశం పిలుస్తనే ఉండె. కాకపోతే ఒక రూలు పెట్టింది: యాభై మంచాలున్న దవాఖానల పని చేసి ఉండాలె.

అక్క పని చేసేది నాచారంల చిన్న దవాఖాన. పన్నెండు మంచాలు. సూది ఆమెనే, కట్టు ఆమెనే, కాన్పు ఆమెనే, బిల్లు కట్టకుండ జారుకునేటోన్ని గేటు దగ్గర ఆపేది గూడ ఆమెనే. పెద్ద దవాఖానల యాభై మంచాలకు పది మంది నర్సులుంటరు. మనిషికి అయిదు మంచాలు. మా అక్క ఒక్కదానికే పన్నెండు. అయినా అనుభవం తక్కువున్నది మా అక్కకేనంట. నేను ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోన్ని, అందుకే ఈ లెక్క తలకెక్కలేదనుకున్న. చదువుకున్నోళ్లను అడిగిన. వాళ్లకు గూడ ఎక్కలేదు.

దవాఖాన డాక్టర్ సాబ్ మంచోడు. "సర్టిఫికెట్ల పన్నెండును యాభై అని ఎట్ల రాయాలమ్మా? నాకు చెయ్యి రాదు" అన్నడు. అక్క ఇంటికొచ్చి, టేప్‌రికార్డర్ ముందట కూసోని బటన్ నొక్కింది. ఆసారి బావకు పోయింది ఒక పక్క నిండ మా ఫ్యాను చప్పుడే.

నేను నాచారం ఇండస్ట్రీల వెల్డర్ని. మా షెడ్డుల చేసేది దవాఖాన మంచాలే. ఏదో పెద్ద ఆర్డరుకు చేసినయ్ అప్పుడే రంగులేసి నిలబెట్టి ఉన్నయ్. తెల్లారి డాక్టర్ సాబ్ దగ్గరికి పోయిన.

"సార్, యాభై మంచాలుంటే రాస్తరా?"

"ఉంటే ఎందుకు రాయను?"

"ఎన్నాళ్ల సంది ఉండాలె?"

ఆయన అద్దాలు తీసి తుడిసిండు. మళ్ల పెట్టుకున్నడు. "వీసా ఏజెంటోళ్లు వచ్చి చూసే రోజుకు ఉంటే చాలు" అన్నడు. ఆయన నిజాయితీకి గంత వరకు జాగ ఉండె.

ఇగ మా షెడ్డు ఓనరు సేఠ్ దగ్గరికి పోయిన.

"సేఠ్, వానకు రంగు ఆరుతలేదు. దవాఖాన మీది అంతస్తుకు కొత్త స్లాబు పడ్డది, గోడలింక లేవలే, గాలి మస్తుగ ఆడుతది. అక్కడ ఆరబెడ్త."

"కిరాయి అడుగుతరా?"

"అడగరు."

"అయితే ఆదివారం గూడ ఉండనీ."

ఆదివారమే చూడనీకె వచ్చేది. బొంబాయి ఏజెంటు తరఫున, ఆ దేశంల చాన ఏండ్లు చేసొచ్చిన మలయాళీ పెద్ద నర్సు, మేట్రనమ్మ. మంచాలు మీది అంతస్తుకు ఎక్కినయ్, కింది పన్నెండుతోని కలిపి యాభై. ఖాళీగుంటే బాగుండదని మా బస్తీ పోరగాండ్లను, షెడ్డుల దోస్తులను పండవెట్టిన. కొందరికి సూది లేకుండ గ్లూకోజ్ పైపు ప్లాస్టర్‌తోని అంటించినం. నేను మూల మంచం మీద గుండె పేషెంటును.

మేట్రనమ్మ మెట్లెక్కింది. ఎన్కనే మా చర్చి మొత్తం ఎక్కింది.

బస్తీల సగం మంది దవాఖానల పడ్డరని ఎవరో ఆరాధనల చెప్పిన్రంట. మావోళ్లు ఆగుతరా? బ్రెడ్డు, సంత్ర పండ్లు, కంజిర పట్టుకొని వచ్చేసిన్రు. పాస్టరయ్య ఒక్కొక్కని నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుండు. మా పేషెంట్లు "ఆమెన్" అంటే కింద రోడ్డు మీద బస్సు ఆగేటట్టుంది. ఒక అవ్వ నా మంచం మీద పడి, "నిన్న చాయ్ తాగినవు గద బిడ్డా, ఒక్కదినంల గుండె ఎట్ల పాడైందిరా!" అని ఏడుపు.

అక్క ముఖం సున్నం లెక్క తెల్లగయింది. నాదిక్కు చూసింది, అక్కడ్నే నన్ను సంపేస్తదనుకున్న. గాని గుంపు దిక్కు తిరిగి ఒక్క కేక పెట్టింది: "టైమైపోయింది! నడువున్రి బయటికి! ఒక్కరు కనవడొద్దు!"

అవ్వ ఏడుపు ఆగింది. కంజిర ఆగింది. అందరు ఉరుకుడే ఉరుకుడు. అక్క కేకంటే చిన్నప్పటి సంది బస్తీ మొత్తానికి భయం. ఆ భయానికి మా పేషెంట్లు గూడ లేచి ఉరికిన్రు, చేతికి పైపులు ఏలాడుకుంట. మిగిలింది నేనొక్కన్నే. నాకు భయం లేక కాదు, కంబలిల కాలు చిక్కింది.

మేట్రనమ్మ నా నాడి పట్టుకున్నది. "నీకేం రోగం?"

"గుండె, మేడమ్."

"మంచాలు మోసే గుండె. బాగానే కొట్టుకుంటోంది." ఆమె తెల్లచీరకు మా ఆకుపచ్చ రంగు బారెడు అంటుకొని ఉంది. కొంగు ఎత్తి చూసుకున్నది.

అక్క తల దించుకున్నది. "మేడమ్, ఈ మంచాలు..."

"ఆగు. మేం వెళ్లేటప్పుడు వంద మంచాలు అడిగారు. మేం బడి బల్లలు జతలు చేసి దుప్పట్లు పరిచాం." పెన్ను తీసింది. "మంచాలు చూడమన్నారు, చూశాను. ఎవరివో అడగమనలేదు. కానీ ఆ కేక మాత్రం నీదే కదా?"

"నాదే, మేడమ్."

"అక్కడ పనికొస్తుంది."

సంతకం పెట్టి, పచ్చ చీరతోనే దిగిపోయింది. సోమవారం మంచాలు పోయినయ్. రంగు కొంత తగ్గిందని సేఠ్ నన్ను తిట్టిండు.

అక్క పోయిన కొన్నాళ్లకు క్యాసెట్ వచ్చింది. అమ్మ, నేను టేప్‌రికార్డర్ ముందట కూసున్నం.

"తమ్మీ, నన్నేసిన దవాఖానల ఆరు మంచాలే ఉన్నయ్‌రా" అన్నది అక్క. నేను ఆపి, మళ్ల ఎనక్కి తిప్పి విన్న. ఆరే. యాభై మంచాల అనుభవం అడిగి ఆరింటి మీద కూసోవెట్టిన్రు. "బావ ఉండే ఊరు బస్సుల సగం దినం తొవ్వ. శుక్రవారం సెలవు, వచ్చిపోతడు."

అంతల క్యాసెట్ అదే పక్క మీద, ఆమె మాటకు అడ్డంగ, బావ గొంతు: "ఈడ ఫ్యాను ఖరాబుంది బామ్మర్దీ, బాగు చేస్తున్న."

అక్క నవ్వింది. "మూడు శుక్రవారాల సంది చేస్తనే ఉన్నడు."

అమ్మ క్యాసెట్ తిప్పి పెట్టింది. రెండో పక్క ఖాళీ. అది మేం మాట్లాడనీకె వదిలిపెట్టిన్రు.